దేశం పుట్టుకను పుస్తకాల్లో చదవడం ఎలా? – హైదరాబాదు ఉదాహరణ

దేశం ఎప్పుడు పుట్టిందని అడిగితే పాఠ్యపుస్తకం ఒక తేదీ చెపుతుంది: 1947 ఆగస్టు 15. రాజ్యాంగం గురించి కాస్త తెలిసినవాళ్ళు ఇంకొక తేదీ కలుపుతారు: 1950 జనవరి 26. రెండూ నిజమైన తేదీలే. కాని ఆ రెంటి మధ్య గడిచిన రెండున్నర ఏళ్ళలో ఏం జరిగిందో తెలుసుకోకుండా తేదీలను మాత్రమే కంఠస్థం చేసినవాడికి దేశం ఆకాశం నుంచి ఊడిపడినట్టే ఉంటుంది. అలా ఊడిపడిన దేశాన్ని పూజించడం సులభం. అర్థం చేసుకోవడం మాత్రం సాధ్యం కాదు.

1947 ఆగస్టు 15న అధికారం చేతులు మారింది బ్రిటిషు ఇండియాలో. అయిదువందల అరవైకి పైగా సంస్థానాల సంగతి వేరు. వాటిలో జనాభా రీత్యా అతి పెద్దది హైదరాబాదు. దాదాపు 82 వేల చదరపు మైళ్ళ విస్తీర్ణం. 1941 లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షలకు పైగా జనం. ఎనిమిది తెలుగు జిల్లాలు, అయిదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు, సొంత సైన్యం. దేశమంతా జెండా ఎగరేసిన రోజున ఇక్కడ జెండా పట్టుకున్నవాళ్ళు జైలుకు వెళ్ళారు. ఈ నేల భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరులో, అదీ సైన్యం వచ్చిన తరువాత.

ఆ సెప్టెంబరు 17ను ఏమని పిలవాలో ఇప్పటికీ తేలలేదు. 2022లో ఒకే నగరంలో, ఒకే రోజున కేంద్ర ప్రభుత్వం ‘విమోచన దినం’ జరిపింది, రాష్ట్ర ప్రభుత్వం ‘జాతీయ సమైక్యతా దినోత్సవం’ జరిపింది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ‘ప్రజాపాలన దినోత్సవం’ అని మూడో పేరు పెట్టింది. విలీనమనేవాళ్ళున్నారు, విద్రోహమనేవాళ్ళున్నారు. సాయుధ పోరాట వారోత్సవాలు జరిపేవాళ్ళున్నారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పే పంతుల్ని. సెప్టెంబరు వచ్చిందంటే పదో తరగతి పిల్లలు అడుగుతారు: “సార్, విమోచనమా, విలీనమా?” ఒక్క మాటలో చెప్పమంటారు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు అలవాటు పడినవాళ్ళు కదా.

ఒక్క మాటలో చెప్పవలసిన ప్రశ్న కాదు ఇది. పేరు మీద తగాదా పడేవాళ్ళలో ఎక్కువమంది ఒకే పుస్తకం చదివినవాళ్ళు, లేదా ఏ పుస్తకమూ చదవనివాళ్ళు. ఈ విషయం మీద చదవదగిన పుస్తకాలు ఒకటికి నాలుగు ఉన్నాయి. వాటిని విడివిడిగా చదివితే ఒక్కొక్కటీ ఒక పక్షాన్ని బలపరుస్తుంది. పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం ఒక్క పుస్తకంలోనూ లేని విషయం బయటపడుతుంది. ఆ పని ఎలా చేయవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చరిత్ర గురించి తెలుగు పంతులు మాట్లాడటమేమిటని ఎవరైనా అడగవచ్చు. దీనికి మన ముందున్న ఆదర్శం సురవరం ప్రతాపరెడ్డి. 1926లో ‘గోలకొండ పత్రిక’ పెట్టినవాడు, 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినవాడు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడింది 1949లో, అంటే హైదరాబాదు సంస్థానం భవిష్యత్తును సైనిక గవర్నరూ కేంద్ర కార్యదర్శులూ నిర్ణయిస్తున్న రోజుల్లోనే. రాజుల వంశావళులు పక్కనబెట్టి, కావ్యాల్లో దొర్లిన తిండి, బట్ట, ఆట, పన్ను, పంట ఏరి జనం చరిత్ర రాశాడాయన. సాహిత్యం చదివే పద్ధతితో చరిత్రను చదవవచ్చునని ఆయన చేసి చూపించాడు.

ఆ పద్ధతిలో నాకు బాగా పనికివచ్చిన పనిముట్టు మన బడి వ్యాకరణమే. ఏ చరిత్ర గ్రంథం పట్టుకున్నా, అందులోని వాక్యాల్లో కర్త ఎవరు, కర్మ ఎవరు అని చూడండి. క్రియ ఎవరి చేతిలో ఉంది? ఎవరు ఎప్పుడూ కర్మగానే మిగిలిపోతున్నారు? కర్త పేరు చెప్పకుండా ‘జరిగింది’, ‘చేయబడింది’ అని ఎక్కడ దాటేస్తున్నారు? దీనికి మరి రెండు ప్రశ్నలు జోడించండి. కథ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించారు? లెక్కలు చెప్పినప్పుడు ఎవరిని లెక్కించారు? ఈ మూడు ప్రశ్నలతో నాలుగు పుస్తకాలూ, ఒక నివేదికా చూద్దాం.

*

మొదటిది వి.పి. మీనన్ ఇంగ్లీషులో రాసిన సంస్థానాల విలీన గాథ. 1956లో వచ్చింది. మీనన్ కేంద్రంలో సంస్థానాల శాఖ కార్యదర్శి, సర్దార్ పటేల్‌కు కుడిభుజం. పటేల్ కోరిక మేరకే ఈ పుస్తకం రాశాడు. హైదరాబాదుకు మూడు అధ్యాయాలు కేటాయించాడు. తాము స్వతంత్ర సార్వభౌములం కాబోతున్నామని 1947 జూన్‌లో నిజాం చేసిన ప్రకటన, ఆ సంవత్సరం నవంబరు 29న కుదిరిన యథాతథ ఒడంబడిక, అది నిలవకపోవడం, ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు కాసిం రజ్వీ ప్రాబల్యం, రజాకార్ల దౌర్జన్యాలు, 1948 సెప్టెంబరు 13న సైన్యం కదలడం, 17న నిజాం లొంగుబాటు ప్రకటించడం, ఇవన్నీ వరసగా, దస్తావేజుల బలంతో కనిపిస్తాయి. ఎవరు ఏ రోజు ఎవరికి ఏ లేఖ రాశారో తెలియాలంటే ఈ పుస్తకం తప్పదు. దీన్ని చదవకుండా పోలీసు చర్య గురించి మాట్లాడటం గాలిలో మాట్లాడటమే.

ఇందులో కర్త ఎవరు? భారత ప్రభుత్వం, నిజాం, ఇద్దరి మధ్య తిరిగే రాయబారులు. దేశం ఏర్పడటమంటే సంతకాలు జరగడం. జనం బాధితులుగా వస్తారు, శాంతిభద్రతల సమస్యగా వస్తారు. నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో రైతులు ఎందుకు లేచారన్నది మీనన్ ప్రశ్న కాదు. కమ్యూనిస్టులు ఆయనకు అణచవలసిన ప్రమాదం మాత్రమే. అధికారి బల్ల మీది నుంచి చూస్తే పల్లె అంతవరకే కనిపిస్తుంది.

అదే పుస్తకం తెలియకుండానే మరొక విషయం చెపుతుంది. లొంగిపోయిన నిజాం ఏమయ్యాడు? ఏడాదికి 50 లక్షల రాజభరణం కుదిరింది. 1950 జనవరి 26న, గణతంత్రం అవతరించిన రోజున, ఆయనే హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యాడు. 1956లో రాష్ట్రం మూడు ముక్కలయ్యేదాకా ఆ పదవిలో ఉన్నాడు. మీనన్ దృష్టిలో ఇది రాజనీతి. విలీనం సాఫీగా సాగడానికి చెల్లించిన సరసమైన వెల. ఆ రోజున ఎన్ని వేలమంది రైతులు, కూలీలు నిర్బంధ శిబిరాల్లో ఉన్నారో తెలిసినవాడికి ఇదే వాక్యం మరోలా వినిపిస్తుంది. ‘విమోచన’ అనే మాటను పరీక్షించడానికి శత్రువు రాసిన పుస్తకం అక్కర్లేదు, పటేల్ కార్యదర్శి రాసిన పుస్తకమే చాలు.

*

రెండవది ఓడినవాడి పుస్తకం. మీర్ లాయక్ అలీ ఇంజనీరు, పారిశ్రామికవేత్త, నిజాం చివరి ప్రధానమంత్రి. గృహనిర్బంధం నుంచి 1950లో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. 1962లో కరాచీలో ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ ప్రచురించాడు. మనవాళ్ళలో చాలామంది ఈ పుస్తకాన్ని ముట్టుకోరు. ముట్టుకోవాలి. సరిహద్దుల్లో సరుకుల దిగ్బంధం ఎలా నడిచింది, భద్రతామండలికి ఫిర్యాదు ఎలా వెళ్ళింది, చివరి అయిదు రోజుల్లో దర్బారులో ఎంత నిస్సహాయత ఉంది, ఇవన్నీ లోపలివాడి మాటల్లో తెలుస్తాయి. మీనన్ ‘మొండితనం’గా చూసింది ఆయనకు ‘హక్కు’. ఇద్దరూ ఒకే సమావేశాల గురించి రాస్తారు కనుక ఒకరి మాటను మరొకరి మాటతో సరిచూసుకోవచ్చు.

ఇద్దరినీ చదివాక అసలు సంగతి తోస్తుంది. గెలిచినవాడు, ఓడినవాడు ఒక విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు. రాజ్యమంటే రాజధాని అని ఇద్దరి నమ్మకం. లాయక్ అలీ శోకించే హైదరాబాదులో చార్మినారు ఉంది, ఖజానా ఉంది, ఫర్మానా ఉంది. వెట్టి చేసే చాకలి, కుమ్మరి, మాల, మాదిగ ఆ కథలో ప్రధాన పాత్రలు కారు. సంస్థానంలో భూమి దాదాపు 60 శాతం దివానీ, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం ఉన్న సర్ఫెఖాస్ అని సుందరయ్య లెక్క చెపుతాడు. ఈ లెక్క కథకు కేంద్రమైన పుస్తకం వేరే ఉంది. అటు వెళదాం.

*

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా పోరాటం మీద రాసిన పెద్ద గ్రంథం 1972లో వచ్చింది. ఇక్కడ కథ మొదలయ్యే చోటే మారిపోయింది. ఒడంబడికలతో మొదలుకాదు. భూమితో మొదలవుతుంది. విసునూరు దేశముఖ్ గడీతో, పాలకుర్తిలో తన పంట తాను కోసుకున్న చాకలి అయిలమ్మతో, 1946 జూలై 4న కడవెండిలో దేశముఖ్ మనుషుల తుపాకులకు బలైన దొడ్డి కొమరయ్యతో నడుస్తుంది. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షా యాభై వేల ఎకరాలుండేవని ఆయన రాశాడు. దాదాపు 3,000 గ్రామాల్లో గ్రామ రాజ్యాలు ఏర్పడ్డాయని, 10 లక్షల ఎకరాలు పంచారని చెప్పాడు. కథ ముగిసేది 1948 సెప్టెంబరులో కాదు, పోరాటాన్ని విరమించిన 1951 అక్టోబరులో.

మొదలూ ముగింపూ మారితే అర్థం ఎంత మారుతుందో చూడండి. మీనన్ కథలో పోలీసు చర్య ముగింపు. సుందరయ్య కథలో అది నడిమి ఘట్టం. నిజాం సైన్యం పోయింది, భారత సైన్యం వచ్చింది. రజాకార్ల కాలంలో పట్నాలకు పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే ఊళ్ళకు తిరిగివచ్చి పంచిన భూములు వెనక్కి అడిగారు. రైతుకు ఆ సైన్యం నిజాంను దించినదే, తన భూమి మీదికి దొరను తెచ్చినదీ అదే. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. మీనన్ పక్కన నిలబడి చూస్తే ఇవి పరిపాలనా సంస్కరణలు. సుందరయ్య పక్కన నిలబడి చూస్తే తుపాకి పట్టిన రైతు రాయించిన చట్టాలు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు మొదటి భూదానం దొరికింది కూడా ఈ జిల్లాలోనే, ఈ పోరాటం ఇంకా నడుస్తుండగానే. ఇది కాకతాళీయమని అనుకునేవాళ్ళు కార్యకారణ సంబంధం మీద మరోసారి ఆలోచించాలి.

అయితే ఇది మన పుస్తకం కాబట్టి ప్రశ్నలు లేకుండా చదవాలనే నియమం లేదు. ఇక్కడా కర్తను వెతకాలి. చాలా పుటల్లో కర్త పార్టీ. దళం, కమిటీ, తీర్మానం. సుందరయ్య పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1973లో, అదే పోరాటానికి నాయకత్వం వహించిన రావి నారాయణరెడ్డి తన అనుభవాల పుస్తకం తెచ్చాడు. పోలీసు చర్య జరిగిన వెంటనే సాయుధ పోరాటం ఆపవలసిందని ఆయన వాదం. దక్కిన భూమిని కాపాడుకోవడానికి పోరాటం సాగించక తప్పలేదని సుందరయ్య వాదం. ఒకే ఉద్యమం నుంచి, ఒకే త్యాగం నుంచి వచ్చిన ఇద్దరు ఇంత గట్టిగా విభేదించారంటే, ఆ ప్రశ్న కేవలం ఎత్తుగడలది కాదు. కొత్తగా పుట్టిన దేశపు ప్రభుత్వం ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు తెలిసినట్టు నటించే వక్తల కంటే, దాని మీద కొట్లాడిన ఈ రెండు పుస్తకాలూ పాఠకుడికి ఎక్కువ నేర్పుతాయి.

*

ఇక నివేదిక సంగతి. సెప్టెంబరు తరువాత సంస్థానంలోని కొన్ని జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరిగాయని వార్తలు రావడంతో నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. 1948 నవంబరు చివరి నుంచి డిసెంబరు మూడో వారం దాకా వాళ్ళు పదహారు జిల్లాల్లో తొమ్మిదింటిలో తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేలమంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేశారు. ఎక్కువ నష్టం ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో, అంటే మరాఠీ, కన్నడ ప్రాంతాల్లో. అంతకుముందు రజాకార్లు హిందువుల మీద చేసిన అత్యాచారాలనూ నివేదిక చెప్పింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలో పాల్గొన్నారనీ చెప్పింది, కొన్నిచోట్ల హిందూ ఇరుగుపొరుగువారు ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడారనీ చెప్పింది. ప్రభుత్వం ఆ అంచనాను అంగీకరించలేదు, నివేదికను ప్రచురించలేదు. చాలా ఏళ్ళ తరువాత కొన్ని భాగాలు బయటికి వచ్చాయి. సామాన్య పాఠకుడు దాన్ని పూర్తిగా చదువుకోగలిగింది 2013లోనే.

ఇప్పుడు లెక్కలు పక్కపక్కన పెడదాం. మీనన్ చెప్పిన మృతులు 800కు కొంచెం పైన. సుందరయ్య చెప్పిన మృతులు దాదాపు 4,000. సుందర్‌లాల్ నివేదిక చెప్పినవారు 27 వేల నుంచి 40 వేలు. అవసరమైన అంకె ఏరుకుని వేదికెక్కేవాడికి ఇది పండుగ. ఎవడికి కావలసిన అంకె వాడికి దొరుకుతుంది.

జాగ్రత్తగా చదివితే ఈ మూడు అంకెలూ ఒకే ప్రశ్నకు మూడు జవాబులు కావు. మీనన్ లెక్కించింది అయిదు రోజుల సైనిక చర్యలో అవతలి పక్షాన పోయినవాళ్ళను. సుందరయ్య లెక్కించింది అయిదేళ్ళ పోరాటంలో నిజాం కాలంలోనూ, ఆ తరువాతా చనిపోయిన కమ్యూనిస్టులను, రైతు యోధులను. సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది ఏ ఆయుధమూ పట్టకుండా ఇళ్ళలో, పొలాల్లో, బావుల దగ్గర చచ్చిపోయినవాళ్ళతో కలిపి. ఒకరి శవాల పట్టికలో మరొకరి శవాలు లేవు. అధికారి యుద్ధాన్ని లెక్కపెట్టాడు. ఉద్యమకారుడు తన సహచరులను లెక్కపెట్టాడు. లెక్కపెట్టేవాడు ఎవడూ లేనివాళ్ళను ఒక కమిటీ లెక్కపెడితే ఆ కాగితం బీరువాలోకి పోయింది.

నాకు తెలిసినంతలో దేశం పుట్టుక గురించి పుస్తకాలు నేర్పే పెద్ద పాఠం ఇదే. ఏ దేశమైనా పుట్టేటప్పుడు ఎవరి మరణాన్ని త్యాగమనాలో, ఎవరి మరణాన్ని శిక్ష అనాలో, ఎవరి మరణాన్ని అసలు మరణమే అనకూడదో తేల్చుకుంటుంది. తరువాతి తరాల పాఠ్యపుస్తకాలు ఆ తీర్పును పాటిస్తూ పోతాయి. పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవడమంటే ఆ తీర్పును తిరిగి విచారణకు పెట్టడం.

ఇందులో మతాల వాళ్ళు చెప్పే కథకు కూడా జవాబుంది. ఇది హిందువులకూ ముస్లింలకూ మధ్య జరిగిన తగువని ఈనాడు కొందరు చెపుతున్నారు. హైదరాబాదు భారతదేశంలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఏ మతంవాడు? నిజాంను ఎదిరించిన అభ్యుదయ కవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ ఏ మతంవాడు? రజాకార్లను, పోలీసులను పిలిపించి రైతుల మీదికి తోలిన దేశముఖుల్లో ఎక్కువమంది ఏ మతంవాళ్ళు? ఈ మూడు ప్రశ్నలు వేస్తే చాలు, గడీకీ దర్బారుకూ ఉన్న పొత్తు కనిపిస్తుంది. అదే సమయంలో, వర్గం పేరు చెప్పి బీదరు, ఉస్మానాబాదు పల్లెల్లో జరిగినదాన్ని దాటవేయడం కూడా తగదు. అక్కడ చనిపోయిన బీద ముస్లిం ఏ జాగీర్దారు?

*

నాలుగవ పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చింది. తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న జీవితాలవి. ఆ శీర్షికనే చూడండి. ‘మన’ అన్న మాట ఉన్నది చరిత్ర మనదని చెప్పడానికి. ‘మనకు’ అన్న మాట ఉన్నది అది మన దాకా రాలేదని చెప్పడానికి. ఈ పుస్తకంలో కర్త మారింది. ‘నేను’, ‘మేము’ అనేవాళ్ళు మాట్లాడతారు. సుందరయ్య పుస్తకంలో పేర్లుగా, ఘటనలుగా వచ్చినవాళ్ళు ఇక్కడ నోరు విప్పారు. అయిలమ్మ మాట్లాడుతుంది. మల్లు స్వరాజ్యం మాట్లాడుతుంది. దళంతో అడవిలో ఉండి, కన్నబిడ్డను వేరేవాళ్ళకు అప్పగించవలసివచ్చిన కమలమ్మ మాట్లాడుతుంది.

ఈ స్త్రీలు పోరాటాన్ని తక్కువ చేయరు. తమ జీవితంలో వెలుగున్న కాలం అదేనని చాలామంది చెపుతారు. కాని పోరాటం ఆగిపోయాక ఇంటికి వెళ్ళి సంసారం చూసుకొమ్మని చెప్పినప్పుడు కలిగిన బాధనూ చెపుతారు. తుపాకి పట్టిన చేతికి మళ్ళీ గరిటె ఇచ్చిన సంగతి ఏ తీర్మానంలోనూ ఉండదు. అది తెలియాలంటే ఆమెనే అడగాలి. ఆ స్త్రీలను అడిగింది మరో ముప్పై అయిదేళ్ళ తరువాత మరికొందరు స్త్రీలు. చరిత్ర రచనలో ఇది చిన్న విషయం కాదు. సాక్షి ఉన్నా, అడిగేవాళ్ళు లేకపోతే సాక్ష్యం ఉండదు.

జ్ఞాపకం మోసం చేస్తుంది కదా, నలభై ఏళ్ళ తరువాత చెప్పినమాట ఎంతవరకు నమ్మాలి అని ఒక ఆక్షేపణ ఉంది. న్యాయమైన ఆక్షేపణే. తేదీలకు, ఒడంబడికల నిబంధనలకు జ్ఞాపకాలను ఆశ్రయించకూడదు, మీనన్ దగ్గరికే వెళ్ళాలి. ఆకలి ఎలా ఉండేది, దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడవడం ఎలా ఉండేది, మొదటిసారి ఎదిరించినప్పుడు గొంతు ఎలా వణికింది అన్నవాటికి మీనన్ దగ్గర దస్తావేజు లేదు. ఒక్కొక్క రకం సాక్ష్యాన్ని అది చెప్పగలిగిన విషయానికే వాడుకోవాలి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ వంటి నవలలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. ఘటనలకు రుజువుగా కాదు, ఆ ఘటనలు పుట్టిన ఊరి వాతావరణానికి సాక్ష్యంగా.

*

ఇంత చెప్పాక, అయితే ఎవరి చరిత్ర వారిదే, అందరూ సగం సగం నిజమే చెపుతారు అన్న తీర్మానానికి ఎవరైనా రావచ్చు. ఈ ధోరణి ఈమధ్య బాగా వినిపిస్తోంది. దీన్ని ఒప్పుకోలేను. కాదనడానికి వీల్లేని విషయాలు చాలా ఉన్నాయి. రజాకార్లు అత్యాచారాలు చేశారు. సైన్యం వచ్చింది. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. ఇవి ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడవు. తేడా ఉన్నచోట కూడా, ఒక పుస్తకం మరొకదానికంటే ఎక్కువ విషయాలను వివరించగలుగుతుందా లేదా అని చూడవచ్చు. వెట్టి ఎందుకు పోయింది, జాగీర్లు 1949లోనే ఎందుకు రద్దయ్యాయి, భూదానం ఇక్కడే ఎందుకు మొదలైంది, ఈ ప్రశ్నలకు దర్బారు చరిత్ర దగ్గర జవాబు లేదు. రైతు చరిత్ర దగ్గర ఉంది. కనుక అది మెరుగైన చరిత్ర. అయితే ఆ మెరుగుదనం దానికి మన సానుభూతి వల్ల రాలేదు, విషయాల వల్ల వచ్చింది. మన పక్షం కాబట్టి నిజం అనడం మొదలుపెట్టిన రోజున, ఎదుటివాడు కూడా అదే అంటాడు. వాడి దగ్గర మైకులు ఎక్కువ.

అందుచేత సాహితీ మిత్రులకు, ముఖ్యంగా ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఇది. సెప్టెంబరులో ఉపన్యాసాలు ఒకటి తగ్గించి, ఊరి గ్రంథాలయంలో నాలుగు వారాలు పుస్తక పఠనం పెట్టండి. ముందు మీనన్ అధ్యాయాలు. రెండోవారం లాయక్ అలీ. మూడోవారం సుందరయ్యను, రావి నారాయణరెడ్డిని కలిపి. నాలుగోవారం సుందర్‌లాల్ నివేదికను, ‘మనకు తెలియని మన చరిత్ర’ను కలిపి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు తెలుగులో సారాంశం చెప్పాలి. ప్రతివారం ఒకటే పని: ఈ పుస్తకంలో కర్త ఎవరు, ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అని రాసుకోవడం. ఊళ్ళో ఆ కాలం గురించి తల్లిదండ్రుల నోట విన్న వృద్ధులుంటే పిలిచి కూర్చోబెట్టండి. వాళ్ళూ తరిగిపోతున్నారు.

పిల్లలు అడిగే ప్రశ్నకు నేను క్లాసులో చెప్పే జవాబు కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1948 సెప్టెంబరు 17న ఒక రాజు చేతిలోని సార్వభౌమాధికారం దేశం చేతికి వచ్చింది. అది విలీనం. కాదనడానికి వీల్లేదు. దొర చేతిలోని భూమి రైతు చేతికి రావడం దానికి రెండేళ్ళ ముందు మొదలైంది, ఆ రోజు తరువాత సగం వెనక్కి పోయింది. దానికి విమోచన అని పేరు పెట్టాలంటే ఆ పని పూర్తి కావాలి. ఈ రెంటి మధ్య, ఏ రాజుతోనూ ఏ దొరతనంతోనూ సంబంధం లేని వేలమంది బీదవాళ్ళు చనిపోయారు. వాళ్ళ మరణానికి ఏ పండుగ పేరూ సరిపోదు. ఈ మూడు విషయాలూ జ్ఞాపకముంచుకున్నవాడు ఆ రోజున జెండా ఎగరేసినా ఎగరేయకపోయినా, తన దేశం ఎలా పుట్టిందో తెలిసినవాడే.